ఒడిలో బిడ్డ యున్నంతవరకు



1912వ సంవత్సరము జనవరి మాసమున, అమెరికాలోని న్యూయార్కు నగరమునుండి వెలువడుచుండిన ‘ఇండిపెండెంట్’ అను పత్రికలో, జార్జియా రాష్ట్రమునకు చెందిన యొక నల్లజాతి దాది తన జీవితమును గూర్చి చెప్పుకొనిన వృత్తాంతము ప్రకటింపబడెను. పత్రికవారు ఆమె పేరు వేయలేదు. వేసియుండినచో మరునాడు ఆ యూరిలో ఆమెకు పని దొరకుట దుర్లభమై యుండెడిది. ఆమె నలువది యేండ్లు దాటిన స్త్రీ, ముగ్గురు బిడ్డల తల్లి, వివాహమైన కొలది సంవత్సరములకే భర్తను పోగొట్టుకొనినది, పదియవ యేటనుండియు తెల్లజాతివారి యిండ్లలో ఊడిగము చేయుచు వచ్చినది. దినమునకు పదునాలుగు మొదలు పదునారు గంటలు పని. పదునొకండు నెలల పసివానికి నీళ్లుపోసి, బట్టలు తొడిగి, ఆడించి, నడిరేయి లేచి పాలసీసా అందించుట ఆమె వంతు. పెద్దపిల్లల ఆలనాపాలనలును ఆమె వంతే. ఈ నడుమ రవంత తీరిక చిక్కెనా, తోటకు నీరు పెట్టుట, వాకిలి యూడ్చుట, వసారా కడుగుట, మేజోళ్లకు కుట్లు వేయుట. ఇన్నింటికిని కలిపి నెలకు పది డాలర్లు. రాత్రులు యజమానుల యింటనే పడుకొనవలెను. రెండు వారములకొక ఆదివారము మధ్యాహ్నము స్వగృహమునకు పోయిరావచ్చును గాని ఆ రాత్రి అచట నిలువరాదు. ఇంక ఆమె కన్నబిడ్డల మాట: యజమానుల పిల్లలను షికారు త్రిప్పుచుండగా వీధిలో తారసిల్లినప్పుడు వారు తల్లిని చూడవలెను, లేదా పెరటి దారిని వచ్చి చూచిపోవలెను. అదియు తరచుగా కాదు, ఏలయన పనివారి పిల్లలు తమ ఆవరణలో తచ్చాడుట ఆ యింటివారికి గిట్టదు.

ఆ వృత్తాంతములో నా మనస్సును మిక్కిలి కలచివైచిన సంగతి యింకొకటి యున్నది. తెల్లజాతి బిడ్డ తన యొడిలో నున్నంతవరకు ఆమె ట్రాముబండిలో ఎక్కడనైనను కూర్చుండవచ్చును. తెల్లవారికి మాత్రమే ప్రత్యేకింపబడిన ఉద్యానములోనికైనను పోవచ్చును. ఆమెను అడ్డగించు వారుండరు. బిడ్డ లేకుండ ఒంటరిగా వచ్చిన యుత్తరక్షణమే ఆమె వెనుక బెంచీకి పోవలసినది, ఉద్యానద్వారము ఆమెకు మూసికొనిపోవలసినది.

ఈ చోట మనము కొంతసేపు నిలిచి ఆలోచింపవలసియున్నది. జాతిభేదమును సమర్థించిన వారందరును అది రక్తమునకు సంబంధించినదనియు, ప్రకృతిసిద్ధమనియు, ఒక జాతి సామీప్యము మరియొక జాతికి స్వభావముచేతనే అసహ్యమనియు వాదించిరి. స్వభావముచేత అసహ్యమైనదైనచో, ఆ స్త్రీ చేతి ముద్ద పసివాని నోటికి ఎట్లు పోయెను? ఆమె ప్రక్కలో వాడెట్లు నిద్రించెను? ఆమె తాకిన పిండితో రొట్టె యెట్లు కాల్చుకొని తినిరి? కావున ఆ నిషేధము ఆమె శరీరమునకు సంబంధించినది కానేకాదు. ఆమె సేవకురాలుగా ఎచటికైనను రావచ్చును. మనిషిగా మాత్రము రారాదు. ఎంత సమీపమునకు వచ్చెను అన్నది ప్రశ్న కాదు, ఏ హోదాలో వచ్చెను అన్నదే ప్రశ్న.

తెలుగు శ్రోతలకు ఈ న్యాయము క్రొత్త కాదు. మన యిండ్లలో మనము భుజించు కంచములను తోమునది పనిమనిషియే, మనము త్రాగు బిందెను కడుగునది ఆమెయే. ఆమె టీ త్రాగు గ్లాసు మాత్రము కిటికీగూటిలో వేరుగా నుండును. నేడు పట్టణములలోని బహుళాంతస్తుల భవనములలో పనివారికని వేరొక లిఫ్టు ఉండుట పలువురు చూచియే యుందురు. పసిబిడ్డను చంకనెత్తుకొని ఆయా ఏ లిఫ్టులో దిగునో గమనింపుడు. అమెరికాలో చర్మవర్ణము చేసిన పనిని మన దేశములో కులము చేసినది. రెండు దేశములలోను పేదరికము ఆ రెంటికిని తోడుపడినది. ఈ పోలికను నేను తేలికగా చేయుటలేదు. రెండు వ్యవస్థల పుట్టుకలు వేరు, చరిత్రలు వేరు. కాని గృహము అను నాలుగు గోడల మధ్య అవి ప్రవర్తించిన తీరులో ఇంత సాదృశ్యముండుట యాదృచ్ఛికమని నేను నమ్మజాలను.

ఇక ఆ దాదివంటి స్త్రీల పూర్వచరిత్రకు వత్తము. 1865లో పదుమూడవ రాజ్యాంగ సవరణముచేత అమెరికాలో బానిసత్వము రద్దయ్యెను. విముక్తలైన స్త్రీలకు దక్షిణ రాష్ట్రములలోని పట్టణములయందు మిల్లులలో పని లేదు, దుకాణములలో లేదు, కచేరీలలో లేదు. ఉన్నది వంటపని, దాదిపని, చాకిరేవు పని. ఆ మూడింటిలో వివాహితలగు స్త్రీలు విశేషముగా బట్టలుతుకు పనినే ఎంచుకొనిరి. అది సులభమైన పని యగుటచేత కాదు. సోమవారమునాడు ఇల్లిల్లు తిరిగి మాసిన బట్టల మూటలను మోసికొనివచ్చి, బావులనుండి నీరు తోడి తెచ్చి, సబ్బును తామే కాచుకొని, గోధుమతవుటితో గంజి తయారుచేసికొని, సారా పీపాలను రెండుగా కోసి తొట్లుగా వాడుకొని, కాగులలో ఉడికించి, ఉతికి, ఆరవేసి, నిప్పులపై కాచిన ఇస్త్రీపెట్టెలతో వేసవియందు సైతము మడతలు సరిచేసి, శనివారమునాటికి ఎవరి మూటను వారికి అప్పగింపవలసిన కష్టభూయిష్ఠమగు వృత్తి యది. దానికి వచ్చు సొమ్ము నెలకు నాలుగు మొదలు ఎనిమిది డాలర్లు. అయినను వారు దానిని ఎంచుకొనుటకు కారణమొక్కటే: ఆ పని తమ యింటి ముంగిట జరుగును, తమ బిడ్డలు తమ కండ్లయెదుట నుందురు, యజమానురాలి కన్ను తమపై నుండదు. బానిసత్వమునుండి వెలువడిన స్త్రీకి స్వాతంత్ర్యమనగా మొట్టమొదట తన బిడ్డలను తాను పెంచుకొనుట. ఈ సామాన్య విషయమును ఎన్ని చరిత్ర గ్రంథములు చెప్పినవి?

ఆ స్త్రీలు 1881వ సంవత్సరము జూలై మాసమున అట్లాంటా నగరములో చేసిన పని విన్నచో ఎవరికైనను రోమాంచము కలుగకపోదు. ఇరువదిమంది చాకలి స్త్రీలు ఒక ప్రార్థనామందిరములో చేరి సంఘముగా ఏర్పడి, పండ్రెండు పౌన్ల బట్టలకు ఒక డాలరు చొప్పున ఇచ్చిననే గాని ఉతుకమని ప్రకటించిరి. వారు ఇల్లిల్లు తిరిగి తోడివారిని కూడగట్టగా, మూడు వారములు తిరుగునప్పటికి వారి సంఖ్య ఇంచుమించు మూడు వేలయ్యెను. తెల్లజాతి చాకలి స్త్రీలు కూడ కొలదిమంది వారితో కలిసిరి. ఊరిలో ఉతికిన బట్టలు లేవు. తడి ఆరకుండగనే తిరిగివచ్చిన మూటలు కొన్ని. పోలీసులు కొందరిని నిర్బంధించిరి, న్యాయస్థానము జరిమానాలు విధించెను. నగరపాలక సభవారు, ఒక్కొక్క చాకలి స్త్రీయు ఏటికి ఇరువదియైదు డాలర్లు పన్ను కట్టి లైసెన్సు పుచ్చుకొనవలెనని ప్రతిపాదించిరి. ఇరువదియైదు డాలర్లనగా వారి మూడు మొదలు ఆరు నెలల సంపాదన. అప్పుడు ఆ స్త్రీలు నగరాధ్యక్షునకు లేఖ వ్రాసిరి: ఆ రుసుమును చెల్లించుటకు మేము సిద్ధముగా నున్నాము, అయితే దానికి బదులుగా ఈ నగరపు చాకిరేవు యావత్తును మా యధీనములో నుంచవలెను, మా ధరను మేమే నిర్ణయించుకొందుము అని దాని సారాంశము. లైసెన్సును శిక్షగా విధింపబోయిన వారికి, అయినచో దానిని హక్కుపత్రముగా నిండు అని బదులు చెప్పుట! చదువను వ్రాయను అవకాశము నియ్యకుండ తరతరములుగా అణచివేయబడిన వారి బుద్ధి ఎంత నిశితమైనదో ఈ యొక్క లేఖయే చాటుచున్నది. సభవారు ఆ పన్ను ప్రతిపాదనను విడిచిపెట్టిరి. అందరికిని కోరిన ధర లభించినదని చెప్పుటకు ఆధారములు చాలవు గాని, తమ చేతులు ముడుచుకొనినచో నగరము నిలిచిపోవునను సంగతి నగరమునకును, వారికిని తెలిసివచ్చినది.

ఇంతటి స్త్రీలను దేశము ఎట్లు జ్ఞాపకముంచుకొనదలచినది? 1923వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, అంతర్యుద్ధములో పోరాడిన దక్షిణ రాష్ట్రముల సైనికుల వారసురాండ్ర సంఘము కోరికపై, విశ్వాసపాత్రలైన బానిస దాదుల స్మృత్యర్థము రాజధానియగు వాషింగ్టనులో శిలావిగ్రహము నిలుపుటకు స్థలమిచ్చు తీర్మానమును అమెరికా సెనేటు ఆమోదించెను. అంతకు రెండు మూడు నెలలకు ముందే, నల్లజాతివారిని మూకలు పట్టుకొని చంపుటను నేరముగా శిక్షింపదలచిన డయ్యరు బిల్లును అదే సెనేటులో దక్షిణాది సభ్యులు ఎడతెగని ప్రసంగములచే నడ్డగించి పడగొట్టియుండిరి. దాది కుమారుని ప్రాణమునకు రక్షణ లేదు, దాదికి మాత్రము పాలరాతి విగ్రహము! మేరీ చర్చ్ టెరెల్ వంటి నల్లజాతి నాయకురాండ్రు, వారి మహిళాసంఘములు, పత్రికలు ముక్తకంఠముతో నిరసించిరి, ప్రతినిధుల సభ ఆ తీర్మానమును ఆమోదింపలేదు, విగ్రహము లేవలేదు. కాని రాతిలో లేవని యా విగ్రహము వెండితెరపై లేచినది. ‘గాన్ విత్ ది విండ్’ చిత్రములో దాది పాత్రను ధరించిన హాటీ మెక్‌డేనియల్, బానిసలుగా పుట్టిన తల్లిదండ్రుల బిడ్డ, స్వయముగా ఇండ్లలో పాచిపని చేసి బ్రతికిన స్త్రీ. 1939 డిసెంబరులో అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనమునకు ఆమె పోవుటకు వీలులేకపోయెను. 1940 ఫిబ్రవరిలో ఆమెకు ఆస్కారు బహుమానము లభించిన రాత్రి సైతము తోడి నటీనటులతో కాక గోడప్రక్క వేరొక బల్లయొద్ద ఆమెను కూర్చుండబెట్టిరి. సేవకురాలి పాత్రలు ధరించుచున్నదని స్వజాతివారు కొందరు ఆమెను నిందించిరి. ఆ నిందలో న్యాయము లేకపోలేదు. కాని వేరు పాత్ర లిచ్చువారు లేని కాలములో ఆ భారమంతయు ఒక్క నటి శిరస్సుపై మోపుట నాకు సమ్మతము కాదు.

దాదిని గూర్చిన యీ భావుకత్వమునకు ప్రయోజనమొకటి కలదు. ప్రేమించుచున్నామని చెప్పుకొనుటచేత చెల్లింపవలసినది చెల్లింపకపోవుట సులభమగును. “మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం” అను మాట మన యిండ్లలో ఎంతగా వినబడునో, ఆ దేశములోను అంతగా వినబడినది. ఆలిస్ చైల్డ్రెస్ అను నల్లజాతి రచయిత్రి, తానును కొంతకాలము ఇంటిపని చేసి జీవించినది, 1956లో ఈ మాటనే పేరుగా పెట్టి యొక పుస్తకమును వెలువరించెను. అందులోని పనిమనిషి పేరు మిల్డ్రెడ్. అతిథి యొకతె వచ్చినప్పుడు యజమానురాలు మిల్డ్రెడ్‌ను ఇంటి మనిషిగా వర్ణింపగా, ఆమె సూటిగా లెక్క చెప్పును: ఇంటివారు భోజనశాలలో భుజింతురు, నేను వంటయింటిలో భుజింతును, నేను మరణించినచో మీరు క్రొత్తమనిషిని వెదకుకొందురు. ఇందులో ద్వేషము లేదు. ఇచ్చు జీతమును పెంచి, చేయించుకొను పనిని పనిగా గుర్తించినచో ఇద్దరికిని గౌరవమని మాత్రమే ఆమె భావము. ఇంటి మనిషి అనునది నిజమే యైనచో ఇంటి మనిషికి జబ్బుచేసిన దినమున జీతము కోయుదురా? ఇంటి మనిషికి నిన్నటి కూర పెట్టి నేటి కూరను దాచుదురా? యజమానురాండ్రందరును క్రూరలని నేననుటలేదు. పిల్లవాని జ్వరమునాడు ఆయాతోపాటు మేల్కొని కన్నీరు పెట్టిన తల్లులను ఎరుగుదును, ఆ యిద్దరి నడుమ పెరిగిన అనురాగము సత్యమైనదనియు ఎరుగుదును. అనురాగము సత్యమైనంతమాత్రమున లెక్క తేలిపోదు.

చట్టము సైతము ఆ లెక్కను తప్పించుకొనినది. ఆర్థికమాంద్యకాలములో రూజ్వెల్టు ప్రభుత్వము 1935లో వృద్ధాప్యభృతికిని, నిరుద్యోగభృతికిని పునాదివేసిన సామాజిక భద్రతా చట్టమును, కార్మికులకు సంఘస్వాతంత్ర్యమును ప్రసాదించిన జాతీయ కార్మిక సంబంధముల చట్టమును చేసెను. రెంటిలోనుండియు రెండు తెగల పనివారిని మినహాయించిరి: పొలములలో పనిచేయువారిని, ఇండ్లలో పనిచేయువారిని. నల్లజాతివారు అను మాట చట్టములో ఎక్కడను లేదు; ఉండవలసిన అవసరమును లేదు. దేశములోని నల్లజాతి శ్రామికులలో సగమునకు పైగా ఆ రెండు పనులలోనే యుండిరి. నల్లజాతి న్యాయవాది చార్లెస్ హూస్టన్ సెనేటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు, సామాజిక భద్రతా బిల్లు ఒక జల్లెడవంటిదనియు, మావారిలో అధికసంఖ్యాకులు జారిపోవుటకు సరిపడునంత రంధ్రములు దానికున్నవనియు చెప్పెను. ఇండ్లయజమానులనుండి చందా వసూలుచేయుట పాలనాపరముగా కష్టమని ప్రభుత్వోద్యోగులు కొందరు చెప్పిన కారణమును చరిత్రకారులు కొందరు ముఖ్యముగా నెంచుదురు. దక్షిణాది సభ్యుల యొత్తిడియే ముఖ్యమని మరికొందరందురు. రెండును కలిసి పనిచేసినవని నా యభిప్రాయము. ఏలయన, కష్టమైన పనిని ప్రభుత్వము ఎవరికొరకు చేయును, ఎవరికొరకు మానును అనుటలోనే ఆ దేశపు తూకము బయటపడును.

ఆ 1935 నవంబరులోనే ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ అను ఇద్దరు యువతులు న్యూయార్కులోని బ్రాంక్స్ ప్రాంతమున పనికై నిలుచు స్త్రీలతో తామును నిలిచి చూచి ‘క్రైసిస్’ పత్రికలో వ్రాసిరి. తెల్లవారుజామునుండి వీధిమూలలలో, కాగితపుసంచిలో పనిబట్టలు పెట్టుకొని, ఎండకును చలికిని ఓర్చి నిలిచిన ఆ స్త్రీలను గృహిణులు వచ్చి ఎగాదిగా చూచి, గంటకు పదునైదు సెంట్లనియు ఇరువది సెంట్లనియు బేరమాడి తీసికొనిపోవుచుండిరి. పని ముగిసినపిమ్మట ఆ సొమ్మైనను పూర్తిగా చేతికి వచ్చునను నమ్మకము లేదు. ఉత్తరాదికి పోయినచో బ్రతుకు మారునని రైలెక్కినవారికి ఎదురైన మార్పు ఇది.

మాంట్‌గొమరీ నగరములో జాతిభేదమునకు ఎదురుగా నల్లజాతివారు సాగించిన బస్సుల బహిష్కారమును గూర్చి తెలుగువారిలో చదువుకొనిన వారందరును వినియే యుందురు. 1955 డిసెంబరు 5వ తేదీన మొదలై మూడువందల ఎనుబదియొక్క దినములు సాగిన ఆ పోరాటమన్నప్పుడు మనకు మార్టిన్ లూథర్ కింగ్ కంఠము వినబడును, రోజా పార్క్స్ ముఖము కనబడును, తగునదే. కాని ఆ బస్సులలో దినదినమును ఎక్కి దిగుచుండినవారిలో అధికసంఖ్యాకులు ఎవరు? ఊరి ఆ చివరనుండి ఈ చివరకు తెల్లవారి యిండ్లకు వంటకును, పిల్లల పెంపకమునకును పోవు నల్లజాతి స్త్రీలు. బస్సు కంపెనీ ఆదాయము వారి నాణెములపై నిలిచియుండెను. వారు నడిచిరి, వానలో నడిచిరి, ఎనిమిది గంటలు నిలువుకాళ్లపై పనిచేసి మరల నడిచిరి. కొందరు యజమానురాండ్రు తమ కార్లలో పనిమనుషులను తీసికొనిరాసాగిరి. పనిమనిషి రానిచో తమ యిల్లు గడవదు గనుక. దానికి నగరాధ్యక్షుడు గేయిల్ కినిసి, ఆ గృహిణులే బహిష్కారమునకు తోడుపడుచున్నారని బహిరంగముగా ఆక్షేపించెను. అయినచో తమ యింటిపని నగరాధ్యక్షుడే వచ్చి చేసిపోవలెనని ఆ గృహిణులు బదులు చెప్పిరని ఆనాటివారు చెప్పుకొనిరి. జార్జియా గిల్మోర్ అను వంటమనిషి న్యాయస్థానములో బస్సు డ్రైవర్ల దుష్ప్రవర్తనను గూర్చి సాక్ష్యము చెప్పినందుకు కొలువు పోగొట్టుకొని, తన యింటనే పొయ్యి వెలిగించి, తోడి స్త్రీలతో కూడి కేకులును, కోడికూరయును వండి అమ్మి, ఆ సొమ్మును ఉద్యమమున కిచ్చుచుండెను. డబ్బు ఎక్కడనుండి వచ్చినదని యెవరైన నడిగిన, ఎక్కడనుండియు కాదు అని చెప్పుటకు వీలుగా తమ బృందమునకు ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’ అని పేరుపెట్టుకొనిరి. తామెవరో యజమానులకు తెలిసిన కొలువు పోవును గదా.

అట్లాంటాలో తొమ్మిదవ యేటనే పసిగుడ్డలుతుకు పనిలో చేరిన డొరొతీ బోల్డెన్, ప్రతిదినము బస్సులలో తనతో ప్రయాణము చేయు పనిస్త్రీలతో మాటలు కలిపి, 1968లో జాతీయ గృహసేవికల సంఘమును స్థాపించెను. ఆ సంఘములో చేరుటకు చందాతోపాటు ఒక నియమము కలదు: సభ్యురాలు ఓటరుగా నమోదు చేసికొని తీరవలెను. అంతకు ఎనుబదియేడు సంవత్సరములకు ముందు అదే నగరములో చాకలి స్త్రీలు సంఘము కట్టిరని మీరు వినియున్నారు. 1974లో గృహసేవికలకు కనీస వేతన చట్టము వర్తించునట్లు సవరణ జరుగుటకు కాంగ్రెసు సభ్యురాలు షిర్లీ చిజమ్ ఎంతయో శ్రమించెను; ఆమె తల్లి కుట్టుపనియు, ఇండ్లలో పనియు చేసి బిడ్డలను పెంచిన స్త్రీ. అప్పుడు సైతము, యజమానుల యింటనే నివసించువారికి అధికవేళ పనికి అధిక వేతనము లేకపోయెను. 2010లో న్యూయార్కు రాష్ట్రము గృహసేవికల హక్కుల చట్టము చేయగా, అమెరికాలో అట్టి చట్టము చేసిన రాష్ట్రములలో అది మొదటిదయ్యెను. 1935నాటి సంఘస్వాతంత్ర్య చట్టములోని మినహాయింపు మాత్రము నేటికిని తొలగలేదు. నేడు ఆ పనిలో నల్లజాతి స్త్రీలతోపాటు మెక్సికో, ఫిలిప్పీన్సు, కరీబియను దీవులు మున్నగు దేశములనుండి వచ్చినవారనేకులు. అచట ఉద్యోగములు చేయు మన తెలుగు దంపతులును పిల్లలకొరకు వారిని నియమించుకొనుచున్నారు. కావున ఇది ఇతరుల చరిత్ర అని విని యూరకుండుటకు వారికి వీలులేదు.

మనకును వీలులేదు. కడప జిల్లానుండియు, ఉభయ గోదావరి జిల్లాలనుండియు, కువైటునకును ఇతర గల్ఫు దేశములకును ఇంటిపనికై పోయిన తెలుగు స్త్రీలు వేలకొలది. ఏజెంటుకు అప్పుచేసి సొమ్ము కట్టి, చంటిబిడ్డను అమ్మమ్మ ఒడిలో పెట్టి, విమానమెక్కి, భాష తెలియని యింట పరుల చంటిబిడ్డకు పాలుపట్టు తల్లి ఆమె. ఆమె వీసా యజమానికి, అనగా కఫీలునకు, ముడివడియుండును. యజమాని పాసుపోర్టు దాచినచో ఆమె కాలు కదపజాలదు. ముప్పది యేండ్లు నిండని స్త్రీని ఇట్టి పనికై ఆ దేశములకు పంపరాదని మన ప్రభుత్వము నియమము పెట్టినది. ఆ నియమమును దాటించుటకు సందర్శక వీసాలపై పంపు దళారులు పుట్టిరి. అట్లు పోయినవారికి ఏ రక్షణయు లేకుండ పోయినది. కువైటు 2015లో గృహసేవికల చట్టము చేసి, దినమునకు పండ్రెండు గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమునకొక దినము సెలవీయవలెననియు నిర్దేశించినది. చట్టములో పండ్రెండు గంటలని వ్రాయుటకే 2015వ సంవత్సరము రావలసివచ్చినది. ఇంటి గోడల లోపల ఆ గంటలను లెక్కించువారు ఎవరు?

మన ఊళ్లలో సైతము లెక్కించువారు లేరు. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఇంటిపనిలో పెట్టుకొనుటను 2006 అక్టోబరునుండి కేంద్రప్రభుత్వము నిషేధించినది. నిషేధించిన పిమ్మట కూడ, దూరపు చుట్టమనియు చదివించుటకు తెచ్చితిమనియు పేరుపెట్టి ఉంచుకొనిన బాలికలను మనమెరుగుదుము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2007లో ఇంటిపనికి కనీస వేతనములు నిర్ణయించెను. ఆ నిర్ణయము జరిగినదని ఎందరు గృహస్థులకు తెలియును? ఎందరు పనిస్త్రీలకు తెలియును? ఫ్యాక్టరీకి పోయినట్లు కార్మికశాఖ తనిఖీ అధికారి ఇంటికి పోజాలడు, ఇల్లు ఏకాంతస్థలము. ఆ యేకాంతము యజమానులకు ఏకాంతము, ఆమెకది పనిస్థలము.

2011వ సంవత్సరము జూన్ 16వ తేదీన జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశము ఈ చిక్కునకు పరిష్కారము వెదకుచు 189వ సంఖ్య గల ఒప్పందమును ఆమోదించెను. ఇంటిపని చేయువారందరును ఇతర శ్రామికులతో సమానులనియు, పని నియమములను వారికి అర్థమగు రీతిని ముందుగా తెలుపవలెననియు, వారమునకు ఎడతెగని ఇరువదినాలుగు గంటల విశ్రాంతి యీయవలెననియు, ప్రయాణపత్రములను వారియొద్దనే యుండనీయవలెననియు, గృహస్థుల యేకాంతమునకు భంగము కలుగకుండ తనిఖీ చేయు మార్గమును చట్టముల ద్వారా కల్పింపవలెననియు అందు నిర్దేశించిరి. భారతదేశ ప్రభుత్వము ఆనాడు ఆ యొప్పందమునకు అనుకూలముగా ఓటు వేసెను. దానిని ధ్రువపరచి, దేశములో అమలుపరచుటకు సమ్మతించుట మాత్రము ఇంతవరకు జరుగలేదు.